ఎవరి బ్యాటరీ?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. చదువయ్యాక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరునయ్యాను. ముప్పై ఏళ్ళుగా చిన్న చిన్న యంత్రాల లోపల నడిచే ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. నిర్వాహకులు ఫోన్ చేసి, "టెక్నాలజీ గురించి పావుగంట మాట్లాడు, పిల్లలకు స్ఫూర్తిగా ఉండాలి" అన్నారు. కృత్రిమ మేధ గురించో, చంద్రయానం గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను మాత్రం రెండు పెన్సిల్ సెల్స్ గురించి చెప్పబోతున్నాను. ఇందులో స్ఫూర్తి ఎంత ఉందో తెలీదు గానీ, నా తప్పు మాత్రం చాలా ఉంది. దాన్ని ఈ ప్రాంగణంలోనే చెప్పుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

మా తెలుగు మాస్టారు మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. పంచె, చేతిలో గొడుగు, జేబులో రెండు రంగుల పెన్ను. విభక్తులు తప్పు చెబితే కొట్టేవారు కాదు. "డు ము వు లు" దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టించేవారు. దానికన్నా దెబ్బలే నయమనిపించేది.

రిటైరయ్యాక ఆయన ఒక పని పెట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో వృత్తి పనివాళ్ళు వాడే మాటలన్నీ పోగుచేయడం. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, సాలె, రైతు, జాలరి, ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, అడిగి, రాసుకునేవారు. పద్నాలుగు నోటుబుక్కులు నిండాయి. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు. మొదటిది మాట, రెండోది అర్థం, మూడోది "ఎవరిది", నాలుగోది విన్న ఊరు. ఆ మూడో గడిని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

డెబ్భై దాటాక ఆయన చేతులు వణకడం మొదలైంది. తన రాత తనకే అర్థం కావడం లేదన్నారు. 2013లో మా బ్యాచ్ వాళ్ళం తలా కొంత వేసుకుని ఆయనకొక కంప్యూటర్ కొన్నాం. ఇంజనీరును కదా, ఎంపిక నాకు అప్పగించారు. డెస్క్‌టాప్ తీసుకున్నాను. ఖర్చు లేదు, వైరస్ బెడద తక్కువ అని అందులో లినక్స్ వేశాను. ఆయన బల్ల నిండా నోటుబుక్కులే. పడకకుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని కొట్టుకోవచ్చని వైరు లేని కీబోర్డు తెచ్చాను. దానికి రెండు పెన్సిల్ సెల్స్ కావాలి. మాటిమాటికీ కొనక్కర్లేదని, నా పాత కెమెరాలోని చార్జింగ్ సెల్స్, చార్జరు అందులోనే పెట్టి ఇచ్చాను. పొదుపు చేశాననుకున్నాను.

డెబ్భై అయిదేళ్ళ వయసులో ఆయన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపింగ్ నేర్చుకున్నారు. ఒక్కో వేలితో ఒక్కో అక్షరం. రోజుకు ఒక పేజీ చొప్పున ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అచ్చులన్నీ పూర్తిచేశారు.

అక్టోబరులో ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, నీ కంప్యూటరు నాకు చెప్పకుండా పడుకుంటోందిరా."

"కరెంటు పోయి ఉంటుంది మాస్టారూ."

"కరెంటు ఉంది. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తెర మీద ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయింది అని ఇంగ్లీషులో రాసి, రెండు నిమిషాల్లో ఆరిపోతోంది. ఇది ల్యాప్‌టాప్ కాదు కదా? దీనికి బ్యాటరీ ఎక్కడుంది?"

ఎంత చక్కటి ప్రశ్నో చూడండి. దానికి నేను చెప్పిన జవాబు వినండి. "యూపీఎస్ గురించి అయ్యుంటుంది మాస్టారూ. మీరు సరిగ్గా చదివి ఉండరు."

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "ఈ మీటల పలక స్విచ్చి ఆపేస్తే ఆ మాట తెర మీదనుంచి పోతోంది."

నేను నవ్వాను. "కీబోర్డుకూ దానికీ సంబంధం ఉండదు మాస్టారూ. మీరేదో నొక్కి ఉంటారు" అన్నాను.

ముప్పై ఏళ్ళ నా వృత్తిలో ఇంత స్పష్టంగా లోపాన్ని పట్టి చూపించిన ఫిర్యాదులు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి. వాటిలో ఒకదాన్ని నవ్వి పక్కన పడేశాను. ఎందుకంటే అది చెప్పింది ఒక పెద్దాయన. లోపం ఎవరిదో నేను ముందే తేల్చేసుకున్నాను.

అవి కరెంటు కోతల రోజులు. అందుకని ఊళ్ళో మెకానిక్కును పంపాను. అతను చూసి, యూపీఎస్‌లో బ్యాటరీ పోయిందని కొత్తది వేశాడు. అదే రోజు మాస్టారు కీబోర్డు సెల్స్ కూడా తీసి చార్జింగ్ పెట్టారట. నాలుగైదు రోజులు ఏ గొడవా లేదు. "చూశారా, యూపీఎస్సే" అన్నాను. తర్వాత మళ్ళీ మొదలు. ఒకసారి పావు పేజీ పోయింది, ఒకసారి రెండు పేజీలు పోయాయి. రోజంతా కూర్చుని ఒక్కో వేలితో కొట్టిన రెండు పేజీలు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు. నేనూ పనుల్లో పడి అడగలేదు.

సంక్రాంతికి ఊరొచ్చి ఆయన్ని చూడ్డానికి వెళితే, కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. "నా వల్ల కాదులేరా. వయసైపోయింది, ఏదో తప్పు నొక్కుతున్నాను" అన్నారు. ఆ మాట నా నోటినుంచి వెళ్ళిందే. తిరిగి వచ్చి నాకే తగిలింది.

తువ్వాలు తీసి కంప్యూటర్ ఆన్ చేశాను. మూడు నిమిషాలు కాలేదు, ఆయన చెప్పిన వాక్యమే తెర మీదకు వచ్చింది. అక్షరం పొల్లుపోలేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ 4 శాతం, కంప్యూటర్ త్వరలో ఆగిపోతుంది. నేను కీబోర్డు స్విచ్చి ఆపాను. వాక్యం మాయమైంది. వేశాను. మళ్ళీ వచ్చింది. మాస్టారు పడకకుర్చీలోంచి నన్ను చూస్తున్నారు. ఏమీ అనలేదు.

జరిగిందేమిటో పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెబుతాను.

లినక్స్‌లో కరెంటుకు సంబంధించిన వివరాలన్నీ ఒకచోట ఉంచుతారు. "పవర్ సప్లై" అని ఒక ఫోల్డర్. అందులో ఒక్కొక్క వస్తువుకూ ఒక్కొక్క గది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీకి ఒక గది, గోడకు పెట్టే అడాప్టరుకు ఒక గది ఉంటాయి. ప్రతి గదిలో చిన్న చిన్న చీటీలు. ఒక చీటీలో రకం, ఇంకో చీటీలో ఎంత శాతం మిగిలింది, ఇంకోదాంట్లో చార్జి ఎక్కుతోందా దిగుతోందా. తెర మీద బ్యాటరీ బొమ్మ చూపించే ప్రోగ్రాం ఈ చీటీలు చదివి మనకు చెబుతుంది.

చాలాకాలం కంప్యూటర్‌కు తెలిసిన బ్యాటరీ అంటే ల్యాప్‌టాప్ బ్యాటరీయే. అందుకని రకం అనే చీటీలో "బ్యాటరీ" అని ఉంటే, ప్రోగ్రాం ఇంకేమీ అడగకుండా ల్యాప్‌టాప్‌దని అనుకునేది. 2012 ప్రాంతంలో లినక్స్ కెర్నెల్‌కు ఒక కొత్త విద్య వచ్చింది. వైరు లేని కీబోర్డులు, మౌసులు తమలో ఎంత చార్జి ఉందో పంపితే, దాన్ని కూడా అదే ఫోల్డర్‌లో ఒక గదిగా చూపించడం మొదలుపెట్టింది. మంచి సదుపాయమే. కానీ ఆ గదిలో కూడా రకం అనే చీటీ మీద రాసింది అదే మాట, "బ్యాటరీ". అబద్ధం కాదు. కీబోర్డులో ఉన్నదీ బ్యాటరీయే కదా.

ఇప్పుడు మాస్టారి కంప్యూటర్ సంగతి చూడండి. అది డెస్క్‌టాప్. దానికి సొంత బ్యాటరీ లేదు, కాబట్టి ఆ గది లేదు. అడాప్టరూ లేదు, కాబట్టి "గోడ కరెంటు అందుతోంది" అని చెప్పే గదీ లేదు. ఆ ఫోల్డర్ మొత్తంలో ఉన్నది ఒకే ఒక్క గది. అది కీబోర్డుది. ప్రోగ్రాం చూసుకుంది. అడాప్టర్ కనబడటం లేదు. బ్యాటరీ ఒకటుంది, దిగుతోంది, 4 శాతమే ఉంది. అంటే నేను ల్యాప్‌టాప్‌ని, గోడకు పెట్టలేదు, ప్రాణం పోబోతోంది, పని మధ్యలో చచ్చేకంటే పద్ధతిగా ఆగిపోవడం మంచిది. అలా ఆలోచించి ఆగిపోయేది. దాని తర్కంలో ఎక్కడా తప్పు లేదు. ఒక్క ప్రశ్న అడగలేదంతే. ఆ బ్యాటరీ ఎవరిది?

మరి నాలుగైదు రోజులకే కీబోర్డు ఎందుకు నీరసపడేది? అది నా పొదుపు. మామూలుగా కొనే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టుల దగ్గర మొదలై మెల్లగా దిగుతుంది. చార్జింగ్ చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టుల దగ్గరే చాలాసేపు నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజిని బట్టి ఆల్కలైన్ లెక్కతో అంచనా వేసే కీబోర్డుకు అది ముందునుంచీ సగం ఖాళీ అయినట్టే కనబడుతుంది. దానికి తోడు నా సెల్స్ ముసలివి. వాడకపోయినా వాటంతటవే ఖాళీ అయిపోయే స్థితిలో ఉన్నాయి.

ఇదంతా మాస్టారికి వివరించాను. ఆయన శ్రద్ధగా విని, నోటుబుక్కు ఒకటి తీసి, "ఆ" అక్షరం దగ్గర తెరిచి నా చేతికిచ్చారు.

"చదువు."

"ఆకు" అనే మాట. కింద వరసగా ఉంది. చెట్టుకైతే అందరికీ తెలిసిన ఆకు. బండి చేసే వడ్రంగికి ఆకు అంటే చక్రంలో కుండకూ అంచుకూ మధ్య ఉండే పుల్ల. వరి రైతుకు ఆకు అంటే నారు, అందుకే ఆకుమడి అంటాడు. తాంబూలం వేసుకునేవాడికి ఆకు అంటే తమలపాకు. తాటాకు గ్రంథాలు చదివేవాళ్ళకు ఆకు అంటే పుట.

"రైతు ఆకు తీయాలంటే, వడ్రంగి ఉలి పట్టుకుని పోతే ఎలా ఉంటుందిరా? మాట ఒకటే అయినప్పుడు ఎవరిదో రాయకపోతే ఆ మాట రాయనట్టే. నీ కంప్యూటరుకు మూడో గడి లేదు" అన్నారు.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ మూడో గడి నిజంగానే ఉంది. కీబోర్డు గదిలో కెర్నెల్ రాసినవాళ్ళు అదనంగా ఒక చీటీ పెట్టారు. దాని పేరు స్కోప్. అందులో "డివైస్" అని ఉంటే, ఇది కంప్యూటర్‌ను నడిపే బ్యాటరీ కాదు, దానికి తగిలించిన ఏదో పరికరం సొంత బ్యాటరీ అని అర్థం. "సిస్టమ్" అని ఉంటేనో, అసలు ఆ చీటీయే లేకపోతేనో, కంప్యూటర్‌ను నడిపేదని అనుకోవాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల గదుల్లో ఆ చీటీ ఉండదు మరి. చీటీ ఉంది. తెర మీది ప్రోగ్రామే దాన్ని చదవడం నేర్చుకోలేదు.

ఆ సంగతి చెబితే మాస్టారు వదల్లేదు. "మరి యూపీఎస్ బ్యాటరీ ఎవరిది? అది కంప్యూటరు లోపల లేదు కదా. దాన్ని కూడా వదిలేస్తుందా?"

"లేదు మాస్టారూ. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కలిపితే అదీ తన చార్జి చెబుతుంది. అది బయట ఉన్నా కంప్యూటర్‌ను నడిపేది అదే కాబట్టి, అది అయిపోతుంటే ఆగిపోవాల్సిందే."

"అయితే షష్ఠి ఒక్కటే చాలదురా. 'యొక్క'తో పాటు 'కొఱకు' కూడా అడగాలి. చతుర్థీ విభక్తి కావాలి" అన్నారు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదటిసారి. విభక్తుల్లో నేను మళ్ళీ తప్పాను. ఆయన మళ్ళీ దిద్దారు.

మరమ్మతుకు అరగంట పట్టలేదు. ముందు, బ్యాటరీ అయిపోతే ఆగిపో అనే ఆదేశాన్ని మార్చి, ఊరికే హెచ్చరించి ఊరుకోమన్నాను. తర్వాత స్కోప్ చీటీ చదివే కొత్త వెర్షన్ వేశాను. బజారుకు వెళ్ళి రెండు మామూలు సెల్స్ తెచ్చాను. అయిదు నిమిషాలకోసారి రాసింది దానంతటదే భద్రమయ్యేలా పెట్టాను. ఆ పని మొదటిరోజే చేసి ఉండాల్సింది. ఇప్పుడు తెర మీద ఓ మూల కీబోర్డు బొమ్మ, దాని పక్కన దాని శాతం. కంప్యూటర్‌కు, దానికి లంకె లేదు.

ఇవాళ మీ ఫోన్‌లో చూస్తే, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ చార్జి వేరుగా, ఫోన్ చార్జి వేరుగా కనబడతాయి. అది సహజంగా వచ్చింది కాదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట "ఇది ఎవరిది" అని అడిగి, ఆ చీటీ పెట్టి, ఆ చీటీ చదివే ప్రోగ్రాం రాస్తేనే వచ్చింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. ప్రోగ్రాం చేసిన తప్పూ, నేను చేసిన తప్పూ ఒక్కటే. దానికి తెలిసిన బ్యాటరీ ఒకటే, కాబట్టి కనబడినదల్లా అదే అనుకుంది. నాకు తెలిసిన కారణం ఒకటే, పెద్దవాళ్ళకు కంప్యూటర్ రాదు. కాబట్టి వచ్చిన ఫిర్యాదల్లా అదే అనుకున్నాను. ప్రోగ్రాంను సరిచేయడానికి అరగంట చాలింది. నేను చేసినదానికి ఆయన మూడు నెలలు పోగొట్టుకున్నారు. అంతకన్నా పెద్దది, తన మీద తనకున్న నమ్మకం కొంత పోగొట్టుకున్నారు. ఆ తువ్వాలు నేను కప్పించిందే.

ఆ తర్వాత ఆయన మళ్ళీ రోజుకు పేజీ చొప్పున కొట్టారు. కవర్గం, చవర్గం దాటారు. "ప" దగ్గర చాలా రోజులు పట్టింది, అక్కడ మాటలు ఎక్కువ. 2015 వేసవిలో ఆయన మనల్ని విడిచి వెళ్ళిపోయారు. ఫైలు తెరిచి చూస్తే "శ" పూర్తయి ఉంది. "స" అని తలకట్టు పెట్టి, కింద రెండు మాటలే ఉన్నాయి. సమ్మెట, కమ్మరిది. సాలు, దున్నేవాడిది. ఆ తర్వాత ఖాళీ.

రోజుకొక పేజీ చొప్పున లెక్క వేయడం నాకు వచ్చు. మూడు నెలలంటే ఎన్ని పేజీలో, "స" "హ" అక్షరాలకు ఎన్ని పేజీలు కావాలో లెక్క వేశాను. ఆ లెక్క మీకు చెప్పను. మీరే వేసుకోగలరు.

ఇప్పుడు మా ఆఫీసులో కుర్ర ఇంజనీర్లకు ఒక నియమం పెట్టాను. ఎవరైనా ఫోన్ చేసి యంత్రం వింతగా ప్రవర్తిస్తోందంటే, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే ముందు రాసుకోవాలి. "మీటల పలక" అంటే మీటల పలక అనే రాయాలి. "మీరేదో నొక్కి ఉంటారు" అనే వాక్యం మా దగ్గర నిషిద్ధం. వాళ్ళు చేసి చూసిన పరీక్షను మనమూ ఒకసారి చేసి చూశాకే నోరు విప్పాలి. మాస్టారి పరీక్ష ఎంతసేపు పడుతుంది? స్విచ్చి ఆపడం, వేయడం. పది సెకన్లు. ఫోన్‌లోనే "ఇంకోసారి ఆపి చూడండి మాస్టారూ" అని ఉంటే ఆ రోజే తేలిపోయేది.

పిల్లలూ, మీకొక మాట. ఇంట్లో తాతయ్యో నాయనమ్మో ఫోన్ పట్టుకుని "ఇదేదో వస్తోందిరా" అంటే, లాక్కుని గబగబా సరిచేసి ఇచ్చేయకండి. ఏమొస్తోందో వాళ్ళనే చదవమనండి. ఎప్పుడు వస్తోందో, ఏం చేస్తే పోతోందో అడగండి. సగం జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మిత్రులకు ఒక విన్నపం. మాస్టారి పద్నాలుగు నోటుబుక్కులూ, ఆ ఫైలూ వారి కుటుంబం అనుమతితో మన బడి గ్రంథాలయానికి ఇచ్చాం. "స", "హ" అక్షరాల మాటలు నోటుబుక్కుల్లో చేతిరాతలో ఉన్నాయి. చివరి రెండు పుస్తకాల్లో చెయ్యి వణికిన చోట మాట తెలుస్తోంది గానీ, మూడో గడి చదవడానికి రావడం లేదు. మనలో వ్యవసాయం చేస్తున్నవాళ్ళున్నారు, మగ్గం మీద పెరిగినవాళ్ళున్నారు, కొలిమి పక్కన పాఠాలు చదువుకున్నవాళ్ళున్నారు, వల భుజాన వేసుకుని తండ్రి వెంట వెళ్ళినవాళ్ళున్నారు. ఆ పేజీల నకళ్ళు బయట బల్ల మీద పెట్టించాను. భోజనాలయ్యాక ఒక్కో కాగితం తీసుకోండి. మీ ఇంట్లో విన్న మాట కనబడితే, దాని ఎదురుగా అది ఎవరిదో రాసి ఇవ్వండి. టైపు చేసే పని నాది.

కీబోర్డు కూడా అదే. సెల్స్ మాత్రం కొత్తవి.